బడికి ఎనిమిది వందల మీటర్లు

నేను రిటైరై మూడేళ్ళయింది. ఈ మధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చారు. "మేడమ్, జాబ్ చార్ట్ అని ఒక కాగితం ఇచ్చారండీ. అందులో ముప్ఫై పనులున్నాయి. అసలు చెయ్యాల్సింది ఏమిటో ఎవరూ చెప్పటం లేదు," అన్నారు. ఆ కాగితం నాకూ ఇచ్చారు. నేను దాన్ని బీరువాలో పెట్టి మళ్ళీ తియ్యలేదు. వాళ్ళకి కాఫీ ఇచ్చి ఏదో చెప్పి పంపాను గానీ, తర్వాత ఆలోచిస్తే, నేను చేసిన మంచి పనుల జాబితా కన్నా ఒక తప్పు ఎలా చేశానో చెబితే వాళ్ళకి ఎక్కువ పనికొస్తుందనిపించింది.

విజయవాడలో మున్సిపల్ స్కూళ్ళకి సూపర్‌వైజర్‌గా చేశాను. అంతకుముందు పదహారేళ్ళు లెక్కల టీచర్ని. మాది పామర్రు దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు నాలుగు కిలోమీటర్లు పొలం గట్ల మీద నడిచి బడికి వెళ్ళినదాన్ని. ఈ సంగతి ఉద్యోగంలో చాలాసార్లు గొప్పగా చెప్పుకున్నాను. అది నాకు మేలు చెయ్యలేదు, చెడే చేసింది. ఎలాగో చెబుతాను.

బళ్ళ పేర్లూ, కాలువ పేరూ రాయటం లేదు. ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

బడికి యజమాని ఎవరు

చేరిన మొదటి వానాకాలంలో ఒక బడి నుంచి ఫోనొచ్చింది. రెండో తరగతి గదిలో పైకప్పు పెచ్చులూడి పడుతోంది, పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టాం, ఏం చెయ్యమంటారు అని. నేను ఇంజినీరింగ్ సెక్షన్‌కి కాగితం పెట్టాను. ఆ గది ప్రభుత్వం వేరే పథకం కింద కట్టించింది, మాది కాదన్నారు. ఆ పథకం వాళ్ళని అడిగితే, కట్టి అప్పగించేశాం, ఇక మీదే అన్నారు. నెల గడిచింది. పిల్లలు వరండాలోనే ఉన్నారు.

మా ఆఫీసు సూపరింటెండెంట్ ప్రకాశరావు గారు. సన్నటి మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, మాట తక్కువ. నా విసుగు చూసి, "అనసూయ గారూ, ఫైలు ఎవరో ఆపారని మీరు అనుకుంటున్నారు. ఎవరూ ఆపలేదండీ. అది తమది కాదని అందరూ నిజంగానే నమ్ముతున్నారు," అన్నారు.

"మరేం చెయ్యాలండీ?"

"ఇంకో కాగితం పెట్టకండి. ఏదో ఒక పని చెప్పి ఇంజినీరు గారిని ఆ బడికి తీసుకెళ్ళండి. ఆ గదిలోనే నిలబెట్టి మాట్లాడండి. ఐదు నిమిషాలు చాలు."

అలాగే చేశాను. ఇంజినీరు గారు మాట్లాడుతూ మూడుసార్లు పైకి చూశారు. తర్వాత మెల్లగా గుమ్మం దగ్గరికి జరిగారు. వారం తిరక్కుండా మేస్త్రీ వచ్చాడు.

కొత్తవాళ్ళకి ముందు తెలియాల్సింది ఇది. బడి స్థలం ఒకరిది. టీచరు జీతం, బదిలీ ఇంకొకరివి. పుస్తకాలూ పరీక్షలూ మరో శాఖవి. భోజనంలో బియ్యం ఒక చోట నుంచి వస్తాయి, గుడ్లు ఇంకో చోట నుంచి. కుళాయి నీళ్ళకి ఒక సెక్షను, మరుగుదొడ్డి కడిగే ఆయా జీతానికి ఇంకో సెక్షను. వీళ్ళందరూ హెడ్మాస్టరుని లెక్కలడుగుతారు. హెడ్మాస్టరు వీళ్ళలో ఒక్కరిని కూడా అడగలేడు. అతని తరఫున అడగటానికి ఉన్న మనిషి సూపర్‌వైజర్. మిగతా ఇరవై తొమ్మిది పనులూ దీని తర్వాతే.

గడియ లేని తలుపు

నిధులు లేవు అనే మాట రోజుకి పదిసార్లు వింటారు. అది సగం నిజం. జీతాలు ప్రభుత్వం ఇస్తుంది, ఆలస్యమైనా ఇస్తుంది. ఇంటి పన్నులో చదువు పేరుతో కొంత వసూలవుతుంది. పాత విద్యార్థులు వచ్చి బెంచీలిస్తారు, ఆ బెంచీల మీద వాళ్ళ నాన్నగారి పేరు రాయిస్తారు. గేటుకి ఆర్చి కట్టిస్తామంటారు. ఫినాయిలు కొనిస్తామని, ట్యూబులైటు మార్పిస్తామని వచ్చిన దాతని నేను చూడలేదు. నా అనుభవంలో ఏడో తరగతి ఆడపిల్ల బడికి వస్తుందా మానేస్తుందా అన్నది చాలావరకు దొడ్డి తలుపుకి గడియ ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడింది. ఆ గడియకి ఏ పద్దూ ఉండేది కాదు.

ఇక ఫలితాల సంగతి. పదో తరగతిలో నూటికి నూరు శాతం అని ఎవరైనా బ్యానరు కడితే నేను సంతోషించేదాన్ని. కొన్నాళ్ళకి, తొమ్మిదో తరగతిలో ఎంతమంది ఉండేవారో కూడా అడగటం మొదలుపెట్టాను. కొన్ని బళ్ళలో రెండు అంకెలూ ఒక్కటే. కొన్ని బళ్ళలో మధ్యలో పిల్లలు తగ్గిపోయి ఉండేవారు. "వాళ్ళు ఇష్టపడి టీసీ తీసుకున్నారు మేడమ్," అనేవారు. పధ్నాలుగేళ్ళ పిల్లలు అంతమంది ఒకేసారి ఎందుకు ఇష్టపడ్డారో అడిగితే ఎవరికీ తెలిసేది కాదు.

ఇంత తెలిసినదాన్ని కూడా నేను పొరపాటు చేశాను. మిగతాదంతా దాని గురించే.

శుక్రవారం లిస్టు

పిల్లలు బాగా తక్కువున్న ప్రాథమిక పాఠశాలల్ని దగ్గర్లో ఉన్న పెద్ద స్కూళ్ళలో కలపమని, కలిపే బడి కిలోమీటరు లోపల ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అప్పటి కమిషనర్ గారు చిన్న వయసు మనిషి, పనిమంతుడు. నన్ను పిలిచి, "మేడమ్, లిస్ట్ శుక్రవారానికి కావాలి. ఒక్క పేజీలో ఇవ్వండి," అన్నారు. ఆ రోజు బుధవారం.

ఆ ఆలోచన చెడ్డదని నేను ఇప్పటికీ అనను. ఐదు తరగతులకి ఒకే టీచరు ఉన్నచోట, పిల్లలు రోజంతా కూర్చుని లేచి వెళతారు, అంతే. ఆ పిల్లల్ని పెద్ద బడిలో వేస్తే తరగతికొక టీచరు దొరుకుతారు. నేను ఆ మాట నమ్మే లిస్టు తయారుచేశాను.

అందులో ఒకటి కాలువ కట్ట మీది బడి. అందరూ కట్టబడి అనేవారు. ఒక గది, ఒక వరండా, ఇద్దరు టీచర్లు, ముప్ఫై ఒక్కమంది పిల్లలు. ఎక్కువమంది నాగాయలంక వైపు నుంచి వచ్చి కట్ట మీద గుడిసెలు వేసుకున్న వాళ్ళ పిల్లలు. మగవాళ్ళు ఏట్లో వలలు వేస్తారు, ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు. కలపాల్సిన పెద్దబడికి ఏడు గదులున్నాయి, ఆటస్థలం ఉంది, ఐదుగురు టీచర్లున్నారు. మా ఆఫీసు గోడ మీద నగరం మ్యాపు ఉండేది. స్కేలు పెట్టి కొలిచాను. ఎనిమిది వందల మీటర్లు. రాసేశాను.

గురువారం మధ్యాహ్నం కట్టబడి హెడ్మిస్ట్రెస్ సుభద్ర గారు ఆఫీసుకొచ్చారు. ఎండకి మొహం కందిపోయి ఉంది. గొడుగు మడుస్తూనే మొదలుపెట్టారు.

"మేడమ్, మధ్యలో హైవే ఉందండీ."

"ఈ ఊళ్ళో హైవే దాటని పిల్లలెవరండీ సుభద్ర గారూ? నేను రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచాను బడికి."

"పొలం గట్టు మీద కదండీ మీరు నడిచింది."

నేను లిస్టు కాగితం వైపు తిరిగాను. ఆవిడ గొంతు తగ్గించి, "ఒక్కసారి నడిచి చూడండి మేడమ్. ఇప్పుడే వెళదాం. నేనూ వస్తాను," అన్నారు.

"చూస్తాలెండి," అన్నాను.

చూడలేదు. ఎందుకు చూడలేదో దాచుకోకుండా చెప్పాలి. టైము లేక కాదు. సుభద్ర గారి ఇల్లు ఆ బడికి పది నిమిషాల దూరం. బడి ఎత్తేస్తే ఆవిడ ఊరి ఆ చివరకి బస్సెక్కి పోవాలి. అందుకే ఇంత ఎండలో వచ్చిందని అనుకున్నాను. అది నిజమే కూడా. సొంత ఇబ్బంది ఉన్న మనిషి చెప్పేది నిజం కూడా అయి ఉండొచ్చని ఆ రోజు నాకు తట్టలేదు.

జూన్‌లో బడి కలిసిపోయింది. సుభద్ర గారిని ఊరి ఆ చివరకే వేశారు. కట్టబడి గదికి తాళం పడింది. ముప్ఫై ఒక్క పేర్లు పెద్దబడి రిజిస్టరులోకి ఎక్కాయి. కాగితం మీద ఒక్క పిల్ల కూడా తగ్గలేదు.

ఒకే గొంతు

సెప్టెంబరులో పెద్దబడి తనిఖీకి వెళ్ళాను. ఆ రోజు ఒక టీచరు సెలవు. ఒకటి, రెండు, మూడు తరగతులు కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టారు. హాజరు నేనే పిలుస్తానన్నాను.

"లావణ్య."

"ప్రెజెంట్ మేడమ్."

ఇంకో పదిమంది పేర్లు అయ్యాక, "శిరీష," అన్నాను.

"ప్రెజెంట్ మేడమ్."

అదే గొంతు. తల ఎత్తి చూస్తే అదే పిల్ల, రెండు జడలు, ఎనిమిదేళ్ళుంటాయి. దగ్గరికి పిలిచాను.

"నీ పేరేమిటమ్మా?"

"లావణ్య అండి."

"మరి శిరీష ఎవరు?"

"మా చెల్లండి. ఒకటో తరగతి. రాదండి అది. నన్ను చెప్పమంది మా అమ్మ."

"ఎందుకు చెప్పమంది?"

"చెప్పకపోతే పేరు కొట్టేస్తారంటండి."

టీచరమ్మ కిటికీ వైపు చూస్తున్నారు. నేను మళ్ళీ మొదటి నుంచి పిలిచాను, ఈసారి ఒక్కొక్కరినీ లేచి నిలబడమన్నాను. కట్టబడి నుంచి వచ్చిన పిల్లలే, ఒక్కొక్కరు ఇద్దరికి, ముగ్గురికి పలుకుతున్నారు. మిగతా రెండు తరగతుల్లోనూ అదే. ముప్ఫై ఒక్కమందిలో నిజంగా వస్తున్నది పదిహేడుమంది.

హెడ్మాస్టరు గదిలో కూర్చుని గట్టిగానే మాట్లాడాను. ఆయన అరవలేదు, అబద్ధమూ ఆడలేదు. "జూలైలోనే తెలుసండీ నాకు. పేర్లు కొట్టేస్తే సంఖ్య తగ్గుతుంది, ఒక పోస్టు ఎగిరిపోతుంది. అప్పుడు వచ్చే పిల్లలకి కూడా టీచరుండరు. ఏం చెయ్యమంటారు మేడమ్?" అన్నారు.

ఆ ముప్ఫై ఒకటి అనే అంకె తల్లులకి కావాలి, హెడ్మాస్టరుకి కావాలి, మా ఆఫీసుకి కావాలి. నాకు మరీ కావాలి, ఎందుకంటే లిస్టు నాది. అందరికీ కావాల్సిన అంకెని ఎవరూ లేచి నిలబడమనరు.

డివైడరు

శిరీష వాళ్ళమ్మ పేరు నాగమణి. సోమవారం ఊళ్ళో చాలామంది నీచు తినరు కాబట్టి ఆ రోజు ఆవిడ చేపలకి వెళ్ళదు. సోమవారం పొద్దున్నే ఏడున్నరకి కట్ట మీదికి వెళ్ళాను. నన్ను చూసి కంగారుపడి, చెయ్యి చీరకి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"పిల్ల పేరు కొట్టేశారా అండి?"

"లేదమ్మా. నన్ను బడి దాకా తీసుకెళ్ళు. పిల్లలు వెళ్ళే దారిలోనే."

శిరీషని చంకనేసుకుంది. లావణ్య ముందు నడిచింది. కట్ట దిగి, సందులోంచి సర్వీసు రోడ్డు మీదికొచ్చాం. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఎదురుగా పెద్దబడి నీళ్ళ ట్యాంకు కనపడుతోంది. మధ్యలో హైవే. మనిషి దాటటానికి దారి లేదు. నడుము ఎత్తు డివైడరు, అటూ ఇటూ లారీలు.

"సిగ్నల్ ఎక్కడుంది?"

"జంక్షన్ దగ్గరండి. అట్టా పోతే తిరిగి తిరిగి ముప్పావుగంట పట్టుద్ది. అందరూ ఇక్కడే ఎక్కేస్తారండి."

లావణ్య రెండు వైపులా చూసి, పరిగెత్తి, డివైడరు మీద చేతులు పెట్టి పిల్లిలా ఎక్కి అవతలికి దూకింది. తర్వాత నాగమణి, చంకలో పిల్లతో. చివర నేను. నాకప్పుడు యాభై నాలుగేళ్ళు. డివైడరు మీదికి ఎక్కాను గానీ దిగలేకపోయాను. చీర కుచ్చిళ్ళు ఎక్కడో పట్టుకున్నాయి. ఒక కాలు అటు, ఒక కాలు ఇటు. లారీ వెళ్ళినప్పుడల్లా ఆ గాలికి ఒళ్ళు ఊగుతోంది. హారన్లు. నాగమణి పిల్లని దించకుండానే చెయ్యి చాపింది.

"చెయ్యివ్వండి మేడమ్. కిందికి చూడొద్దు. లారీ వైపే చూడండి."

ఆ చెయ్యి పట్టుకుని దిగాను. అవతలి పక్కన నిలబడి చీర సర్దుకున్నాను.

కాసేపటికి అడిగాను, "చిన్నదాన్ని నువ్వు రోజూ దింపొచ్చు కదమ్మా?"

"నేను నాలుగింటికే మార్కెట్‌కి పోవాలి కదండి. సరుకు ఎత్తుకుని, ఇళ్ళెమ్మట తిరిగి వచ్చేసరికి పదకొండవుద్ది. మా ఆయన ఏట్లో ఉంటాడు. పెద్దది దాన్ని ఎత్తుకుని ఎక్కలేదు."

"మరి పేరెందుకు చెప్పిస్తున్నావు?"

నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు ఆవిడ నా వైపు చూసింది. "మా బడి ఎప్పుడో అప్పుడు మళ్ళీ తీస్తారు కదండి. అప్పటికి పేరుంటే రెండో తరగతిలోకి పోతది. లేకపోతే మళ్ళీ మొదటి నుంచా?"

వచ్చేటప్పుడు సిగ్నల్ దారిలో వచ్చాను. నలభై రెండు నిమిషాలు పట్టింది. శిరీష సగం దారిలోనే కూర్చుండిపోయింది.

నోటు

ఆ మధ్యాహ్నం కమిషనర్ గారికి నోటు రాశాను. ప్రకాశరావు గారికి చూపించాను. ఆయన చదివి, "ఇందులో 'తప్పు' అనే మాట ఎందుకండీ? 'క్షేత్ర పరిశీలన అనంతరం' అని మొదలుపెట్టండి. సరిపోతుంది," అన్నారు.

నేను రాసింది ఇది. "ఈ దూరాన్ని నేను మ్యాపులో కొలిచాను. నడవలేదు. హెడ్మిస్ట్రెస్ నడవమని అడిగినా నడవలేదు. నడిచి ఉంటే ఈ బడి పేరు లిస్టులో ఉండేది కాదు."

"మార్చనండీ," అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీకు మెమో వస్తుంది. అది టైపు చెయ్యాల్సింది నేనే. ఆ రోజు సెలవు పెడతాను," అన్నారు. ఆయన వేళాకోళం ఆడటం నేను చూసింది అదొక్కసారే. అది వేళాకోళం అవునో కాదో కూడా చెప్పలేను.

కమిషనర్ గారు నోటు నా ఎదురుగానే చదివారు.

"ఎందుకు నడవలేదు మేడమ్?"

"శుక్రవారానికి కావాలన్నారండీ. అది కారణం కాదు. ఆవిడ తన కోసం అడుగుతోందనుకున్నాను."

ఆయన నోటు మడిచి పక్కన పెట్టారు. తర్వాత చెప్పింది సూటిగానే చెప్పారు. మూసింది ఆయన కాదు, ఆయన పంపిన ప్రతిపాదన మీద ప్రభుత్వం. తెరవాలన్నా అక్కడికే వెళ్ళాలి, ఈ విద్యాసంవత్సరంలో తేలదు. టీచరు పోస్టులు అప్పుడే వేరే బళ్ళకి సర్దేశారు. కట్టబడి గదిని పారిశుధ్యం వాళ్ళకి ఇచ్చేశారు, అందులో బ్లీచింగ్ పౌడరు బస్తాలున్నాయి. మూయటానికి నా ఒక్క పేజీ సరిపోయింది. తెరవటానికి నాలుగు ఆఫీసులు ఒప్పుకోవాలి.

"నా పరిధిలో ఏముందో చెప్పండి, చేస్తాను," అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు. కట్ట మీదే ఉన్న అంగన్‌వాడీలో వెనక గది ఖాళీగా ఉంది. ఒకటి, రెండు తరగతులు అక్కడ నడపటానికి, ఒక టీచరుని తాత్కాలికంగా పంపటానికి ఉత్తర్వు ఇచ్చారు. ఆ వార్డు కార్పొరేటరమ్మ పోలీసుల్ని అడిగి, పొద్దునా సాయంత్రం డివైడరు దగ్గర ఒక హోంగార్డుని పెట్టించింది. పెద్దపిల్లలు దాటటానికి అక్కడ రాళ్ళు తీసి దారి చేశారు.

సుభద్ర గారిని అడగటానికి నేనే వెళ్ళాను. ఫోను చెయ్యొచ్చు, కానీ అది మర్యాద కాదనిపించింది. ఆవిడ క్లాసులో ఉన్నారు. బయటికి రాగానే చెప్పాను, "సుభద్ర గారూ, నడిచానండీ."

ఆవిడ నన్నొక్క మాట అనలేదు. "ఎప్పటి నుంచి రమ్మంటారు?" అన్నారు. తర్వాత "ఒకటీ రెండూ మాత్రమేనా మేడమ్?" అని అడిగారు.

"ప్రస్తుతానికి అంతేనండీ."

కైకలూరు బస్సు

దసరా సెలవుల తర్వాత అంగన్‌వాడీ వెనక గదిలో బడి మొదలైంది. రాకుండా ఉండిపోయిన పధ్నాలుగుమందిలో చిన్నపిల్లలు ఏడుగురూ మొదటి రోజే వచ్చారు. శిరీష అందరికన్నా ముందొచ్చి గుమ్మంలో కూర్చుందట. హోంగార్డు వచ్చాక పెద్దపిల్లల్లో ముగ్గురు హైవే దాటి పెద్దబడికి వెళ్ళటం మొదలుపెట్టారు. ఇంకా నలుగురు మిగిలారు.

వాళ్ళ ఇళ్ళకి సుభద్ర గారూ నేనూ వెళ్ళాం. ఒక్కరూ కట్ట మీద లేరు. బడి లేని పిల్లల్ని ఇళ్ళవాళ్ళు ఊరికే కూర్చోబెట్టలేదు. ఎక్కడో ఒకచోటికి పంపేశారు, లేదా తమతో తీసుకెళ్ళిపోయారు. ఆ నలుగురిలో గంగ అనే పిల్ల ఐదో తరగతి. "ఆ పిల్లకి లెక్కల్లో నేను ఒకటి చెబితే రెండోది తనే చేసేదండీ," అన్నారు సుభద్ర గారు. కైకలూరు అవతల ఒక ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉందని వాళ్ళమ్మ చెప్పింది. ఒక ఆదివారం ఇద్దరం బస్సెక్కాం.

మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. అమ్మమ్మ అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. రొయ్యలు వలిచే షెడ్డుకి తనతో పాటు గంగని కూడా తీసుకెళ్తోందని దాచకుండా చెప్పింది. "చెయ్యి చురుకండి దానిది. ఇప్పుడు అలవాటైపోయింది," అంది. అందులో తప్పు చేస్తున్నామన్న ధ్యాసేమీ లేదు. ఆవిడ కూడా ఆ వయసులోనే మొదలుపెట్టి ఉంటుంది.

గంగ లోపల్నుంచి వచ్చి సుభద్ర గారి పక్కన కూర్చుంది. పదేళ్ళ పిల్ల. ఐసులో పెట్టి పెట్టి వేళ్ళు తెల్లబడి ముడతలు పడ్డాయి. సుభద్ర గారు ఆ చేతులు తన ఒళ్ళోకి తీసుకున్నారు. నేను అటు చూడలేక, ఏదో ఒకటి మాట్లాడాలని, సంతోషంగా చెప్పాను.

"గంగా, మీ బడి మళ్ళీ తీశామమ్మా. కట్ట మీదే. మీ టీచరు గారే చెబుతున్నారు."

పిల్ల మొహం వెలిగింది. "నిజంగానా టీచర్? అన్ని క్లాసులా?"

సుభద్ర గారు నా వైపు చూశారు. చెప్పాల్సింది నేనే.

"ఒకటి, రెండు తరగతులమ్మా."

కోపం లేదు, ఏడుపు లేదు. లెక్క ఎక్కడ తేడా వచ్చిందో చూపిస్తున్నట్టు చెప్పింది గంగ.

"నాది ఐదు కదండీ."

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను చాలామంది తిట్టారు. యూనియన్ల వాళ్ళు తిట్టారు, పేపర్ల వాళ్ళు రాశారు, ఒక కార్పొరేటరు ఫైలు విసిరికొట్టాడు. వాటిలో ఏదీ ఇంత గుర్తులేదు.

సుభద్ర గారు అప్పటికప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నారు. నన్ను అడగలేదు. "గంగా, రేపు మీ అమ్మ వచ్చి తీసుకెళ్తుంది. నా గదిలోనే వెనక గోడ వారగా కూర్చుందువుగాని. ఐదో తరగతి పుస్తకాలు నా దగ్గరున్నాయి," అన్నారు. దానికి ఏ ఉత్తర్వూ లేదు. నేను తనిఖీకి వెళ్ళినప్పుడల్లా ఒకటో తరగతి పిల్లల వెనక ఆ పిల్ల కనపడేది. నేను ఏమీ రాసుకునేదాన్ని కాదు. ఏప్రిల్‌లో పెద్దబడిలో పరీక్ష రాసింది. జూన్‌లో ఆడపిల్లల గురుకులంలో ఆరో తరగతిలో చేరింది. పదో తరగతి పాసైన రోజు సుభద్ర గారు నాకు ఫోను చేసి చెప్పారు. మార్కులు చెప్పబోతే వద్దన్నాను.

ఆ తర్వాత

కట్టబడిని ప్రభుత్వం మళ్ళీ తెరవటానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు నడుస్తోంది. గది గోడలకి బ్లీచింగ్ వాసన చాలా రోజులు పోలేదని సుభద్ర గారు చెప్పేవారు.

ఇంకోసారి కూడా లిస్టు అడిగారు. అప్పుడు పన్నెండు దారులు నడిచాను, ప్రతి దారిలోనూ ఆ బడి పిల్లల్ని వెంటబెట్టుకుని, బడి టైముకే. పన్నెండింటిలో ఐదు బళ్ళు కలపొచ్చని రాశాను. వాటిలో ఒకచోట టీచర్లు నా మీద ధర్నా చేశారు. ఆ ఐదూ కలపటమే సరైన పని. పిల్లలు బాగున్నారు. అందుకని బడి మూయటమంటేనే అన్యాయమని నేను కొత్తవాళ్ళకి చెప్పను.

ఆ ఇద్దరమ్మాయిలు వెళుతూ గుమ్మంలో ఒక మాట అడిగారు. "మేడమ్, మీకు ఎప్పుడైనా మెమో వచ్చిందాండీ?"

వచ్చింది. వాస్తవానికి విరుద్ధంగా దూరం నమోదు చేసినందుకు సంజాయిషీ ఇవ్వమని. రెండు లైన్లు రాసిచ్చాను. భవిష్యత్తులో జాగ్రత్తగా ఉండమని రాసి ఫైలు మూసేశారు. ఆ మెమో నిండా దూరం గురించే ఉంది. నలుగురిలో గంగ పోగా మిగిలిన ముగ్గురి గురించి ఎవరూ నన్ను సంజాయిషీ అడగలేదు. వాళ్ళలో ఒకరి కుటుంబం మైలవరం వైపు మామిడితోట కాపలాకి పోయిందంటే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి కాపు అయిపోయి ఎటో వెళ్ళిపోయారు. మిగతా ఇద్దరి జాడ ఆ మాత్రం కూడా దొరకలేదు.

మూడో తరగతి పోతురాజు. నాలుగో తరగతి వెంకటలక్ష్మి. నాలుగో తరగతి ఏడుకొండలు. ఆ సంవత్సరం మార్చి దాకా పెద్దబడి రిజిస్టరులో ముగ్గురూ ప్రెజెంటే.